పదకొండు కిటికీల గూడు

నేను ఒక కోళ్ల గూడును. ఈ మాట వినగానే మీ మొహంలోకి ఒక చిన్నచూపు వస్తుందని నాకు తెలుసు. కోళ్ల గూడంటే మీకు నాలుగు మట్టిగోడలూ, పైన తాటాకులూ, తలుపు బదులు ఒక బండరాయీ గుర్తొస్తాయి. అలాంటివాటితో నన్ను కలపకండి. నాకు పదకొండు కిటికీలున్నాయి. ప్రతి కిటికీకీ జరిపే అద్దం ఉంది, అద్దం చుట్టూ వాననీళ్లు దిగకుండా నల్ల రబ్బరు ఉంది. గుండ్రంగా వంచిన కప్పు, తలుపు దగ్గర ఫుట్‌బోర్డు, వెనక పైకెక్కడానికి నిచ్చెన, ఒంటి నిండా ఎరుపు మీద తెల్లచారలు. కొండపల్లి కొండకి అవతలి పక్కనున్న మా ఊరొచ్చి దస్తగిరి ఇల్లెక్కడని అడిగి చూడండి. "పెరట్లో బస్సున్న ఇల్లా?" అని ఎవరైనా చూపిస్తారు.

నన్ను కట్టింది ఆ దస్తగిరే. ముప్ఫై నాలుగేళ్లు బెజవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో బస్సులకి బాడీలు కట్టిన మేస్త్రీ. బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందని మీరు మురిసిపోతారు గానీ, ఆ కిటికీ అక్కడ ఎవరు పెట్టారని ఏనాడూ ఆలోచించి ఉండరు. ఆ పని ఎలా జరుగుతుందో నేను చెబుతాను. కంపెనీ నుంచి ముందు చాసిస్ వస్తుంది. చాసిస్ అంటే చక్రాలూ, ఇంజనూ, వాటిని కలుపుతూ రెండు పొడుగాటి ఇనప దూలాలూ. అంతే. డ్రైవరు తలకి తువ్వాలు చుట్టుకుని, ముందు అద్దం కూడా లేకుండా దాన్ని ఎండలో తోలుకొస్తాడు. దాని మీద ఇనప చట్రం నిలబెట్టి, రేకు తొడిగి, సీట్లు బిగించి, రంగేసి బస్సుని చేసేది మేస్త్రీలు. కింద ఉన్న చాసిస్ జోలికి మాత్రం మేస్త్రీ పోడు. అది కంపెనీవాడి బాధ్యత, మేస్త్రీ పని అక్కణ్ణుంచి పైకే. ఈ ముక్క కాస్త మనసులో పెట్టుకోండి, నాకొచ్చిన తలవంపులన్నీ దీనివల్లే వచ్చాయి.

తర్వాత తర్వాత బస్సులు బాడీతో సహా తయారై రావడం మొదలైంది. షెడ్డు మూసేశారు. దస్తగిరి తన సుత్తీ, రివెట్లు కొట్టే గన్నూ, వెల్డింగ్ అద్దాలూ ఒక సంచిలో వేసుకుని ఇంటికొచ్చాడు. రెండేళ్లు ఆ సంచి విప్పలేదు. వీధరుగు మీద కూర్చుని దారిన పోయే బస్సుల్ని చూసి, "ఆ మూల అతుకు చూడు, రేపు వానకి కారుతుంది," అని గొణిగేవాడట. ఇదంతా నేను చూసింది కాదు. ఆయన భార్య కాశింబీ నా ముందు కూర్చుని నూకలు చల్లుతూ కోళ్లతో చెప్పుకుంటుంటే విన్నాను. మనుషులు సాటి మనుషులతో చెప్పలేనివి కోళ్లతో చెప్పుకుంటారు, మధ్యలో గూడు కూడా వింటుందని వాళ్లకి తోచదు.

ఇక కాశింబీ సంగతి. ఆమె పుట్టిల్లు మాచర్ల దగ్గర ఒక పల్లె. వాళ్లింట్లో ఆడపిల్ల కాపురానికి వెళుతుంటే వెంట ఒక కోడిపెట్టని, పిల్లలతో సహా, గంపలో పంపడం ఆనవాయితీ. అలా నన్ను కట్టడానికి ముప్ఫై ఆరేళ్ల ముందు వాళ్లమ్మ ఇచ్చిన పెట్ట సంతానమే ఈ పెరట్లో తరాలుగా సాగుతూ వచ్చింది. ఒళ్లంతా బెల్లం రంగు, మెడ ఒక్కటే నలుపు. ఆ నల్లమెడ చూసి ఊళ్లో ఎవరి వాకిట్లో ఉన్నా కాశింబీ తన కోడిని పోల్చుకునేది. అయితే నన్ను కట్టిన ఏడాది ఎండాకాలం ఊళ్లోకి కొక్కెర తెగులొచ్చింది. వారం తిరక్కుండా ఇరవై మూడు కోళ్లు పోయాయి. ఒక్క పెట్ట మిగిలింది. వాళ్లమ్మ పోయి అప్పటికే పన్నెండేళ్లు, ఆమె ఇచ్చిన దాన్లో మిగిలింది ఆ ఒక్క ప్రాణం. కొండ మీంచి ముంగిసలు దిగే ఊరు కదా, కాశింబీకి కంటి మీద కునుకు లేకుండా పోయింది.

ఒకరోజు పొద్దున్నే ఆమె మొగుడి దగ్గరికొచ్చి, "ఏమయ్యా, నాలుగు రేకులు కొట్టి ఒక గూడు కట్టిపెట్టరాదా? ఇదొక్కటీ దక్కితే చాలు నాకు," అంది.

దస్తగిరి సంచి విప్పాడు. ఆమె అడిగింది నాలుగు రేకులు. ఆయన కట్టింది నన్ను.

నా ఎముకలు ఎక్కడివనుకుంటున్నారు? పాత ఇనప కొట్లో ముక్కలు చేసిన ఒక డీలక్స్ బస్సువి. ఆటోలో నన్ను ముక్కలు ముక్కలుగా తెచ్చాడు. ఇరవై రెండు రోజులు పట్టింది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. కింద గీతల గీతల ఇనప పలక, పైన అల్యూమినియం రేకు, రేకు మీద గీత గీసినట్టు వరసగా రివెట్లు. ఒక్క రివెట్టు వంకరపోతే ఊడబీకి మళ్లీ కొట్టాడు. కోళ్లు పగలు తిరగడానికి నా ముందు పన్నెండడుగుల మేర చుట్టూ, పైనా ఇనప వల కట్టాడు, గద్ద కూడా దూరలేనట్టు. అన్నీ అయ్యాక బకెట్లతో నా నెత్తిన నీళ్లు కుమ్మరించి, లోపల దూరి కూర్చుని, ఎక్కడైనా చుక్క కారుతుందేమోనని చూశాడు. అరవై రెండేళ్ల మనిషి కోళ్ల గూట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని కప్పు తడుముకుంటుంటే, నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. ఒక్క చుక్క కారలేదు. ఆయన బయటికి వచ్చి నా పక్క మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు. బస్సు బయల్దేరేటప్పుడు కొట్టే దెబ్బ అది.

ఊరంతా చూడ్డానికొచ్చింది. పక్కింటి రత్తమ్మ ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి, "ఎందాకా పోతుంది మేస్త్రీ ఇది, మైలవరం దాకా టికెట్టిస్తావా?" అని నవ్వింది. దస్తగిరి నవ్వలేదు. పనిని మెచ్చుకున్నారా, ఎగతాళి చేశారా అని తూచుకుంటున్నాడు. నేనైతే మెచ్చుకున్నారనే అనుకున్నాను.

కాశింబీ మాత్రం నా చుట్టూ రెండుసార్లు తిరిగి ఒకే మాట అడిగింది. "కింద సంగతేంటయ్యా?"

"కింద ఏముంది, నేలుందిగా," అన్నాడు దస్తగిరి.

చూశారా? ఆ మనిషి దృష్టిలో నేల కూడా కంపెనీ నుంచి తయారై వచ్చిందే. ముప్ఫై నాలుగేళ్లలో ఒక్కసారైనా కింద ఏముందని ఎవరూ ఆయన్ని అడగలేదు. వల అంచుని మట్టి మీద ఆనించి, నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి వదిలేశాడు. కాశింబీ ఇంకో మాట అనబోయి ఆగిపోయింది. రెండేళ్ల తర్వాత మొగుడి మొహం వెలిగింది కదా, దాన్నెందుకు ఆర్పడం అనుకుందేమో. నాక్కూడా అప్పుడు ఆ ప్రశ్న అక్కర్లేనిదిగానే తోచింది. పొగరు నాకూ తక్కువేం కాదు.

సంతలో కొన్న మూడు పెట్టలతో కలిపి నల్లమెడని నాలోకి వదిలారు. కొన్నాళ్లు రత్తమ్మ పుంజుని కూడా తెచ్చి పగలు వాటితో వదిలేవారు. మొదటి వారమంతా నవ్వులపాలే. కోళ్లకి ఫుట్‌బోర్డు ఎక్కడం రాలేదు, ఒక్కోదాన్నీ పట్టి ఎక్కించాల్సి వచ్చింది. గుడ్లు పెట్టడానికి దస్తగిరి ఒక్కో కోడికీ ఒక్కో సీటులా గడి కట్టి, గడికో కిటికీ పెట్టాడు. గుడ్డు పెట్టేటప్పుడు కోడి చీకటి వెతుక్కుంటుందని ఆయనకేం తెలుసు? ఒక్కటీ ఆ గడుల్లో పెట్టలేదు. కాశింబీ చెప్పాపెట్టకుండా తన పాత చీర ముక్క ఒకటి కిటికీలకి అడ్డం కట్టింది. సాయంత్రం దస్తగిరి దాన్ని చూసి, "నా కిటికీలు మూస్తావే?" అని విప్పేశాడు. చివరికి నల్లమెడే ఒక దారి చూసుకుంది. తలుపు వెనక మూలన, వెలుతురు పడని జానెడు చోట తొమ్మిది గుడ్లు పెట్టి వాటి మీద కూర్చుంది.

అది పొదగడం మొదలెట్టిన పదమూడో రోజున మిట్టమధ్యాహ్నం ముంగిస వచ్చింది.

పగలు కదా, నా తలుపు తీసే ఉంది. దస్తగిరి అన్నం తిని కునుకు తీస్తున్నాడు, కాశింబీ బియ్యం పట్టించుకు రావడానికి మిల్లుకి వెళ్లింది. ముంగిస నా అద్దాల వైపు, నా రివెట్ల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. వల అంచు దగ్గర మట్టిని గోళ్లతో నాలుగుసార్లు గీరి, బొరియ చేసి, తల దూర్చి, ఒళ్లంతా లాగేసుకుంది. సంత పెట్టలు రెండింటి గొంతు కొరికేసింది. నా లోపలికొచ్చింది. నల్లమెడ గుడ్ల మీంచి లేవలేదు. ముక్కుతో పొడిచింది, రెక్కలతో కొట్టింది, తోక ఈకలన్నీ ఊడిపోయాయి. గుడ్లు ఒక్కొక్కటే దొర్లిపోయాయి. గోల విని దస్తగిరి కర్ర పట్టుకుని వచ్చేసరికి ముంగిస వచ్చిన దారినే పోయింది. గుడ్లు నాలుగు మిగిలాయి.

అప్పటిదాకా నాకు నా గురించి ఎంత గొప్పో. ఆ మధ్యాహ్నం నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు. చుక్క నీరు లోపలికి రానివ్వనని గొప్పలు పోయినదాన్ని, చావుని నేరుగా కాళ్ల కిందనుంచి రానిచ్చాను.

కాశింబీ వచ్చి చూసింది. అరవలేదు, ఏడవలేదు. నల్లమెడని చంకలో పెట్టుకుని, నాలుగు గుడ్లనీ కొంగులో వేసుకుని, బొరియ దగ్గర ఒక్క క్షణం నిలబడింది. "ఇన్ని కిటికీలు పెట్టావు. ఒక్క గడప పెట్టలేకపోయావా!" అంది. అంతే, ఇంట్లోకి వెళ్లిపోయింది.

అక్కణ్ణుంచి నేను ఖాళీ. మిగిలిన ఒక్క సంత పెట్టనీ రత్తమ్మకి ఇచ్చేశారు. వంటింటి మూల గోనెసంచి మీద నల్లమెడ మళ్లీ గుడ్ల మీద కూర్చుందనీ, నాలుగింటిలో మూడు పిల్లలయ్యాయనీ, రెండు పుంజులూ ఒక పెట్టలా కనబడుతున్నాయనీ పెరట్లోకి వచ్చే మాటల వల్ల తెలిసింది. మూడింటికీ మెడ మీద నలుపు దిగుతోందట. కానీ నేల గీరుకోవాల్సిన కోడిని, పిల్లల్ని ఎన్నాళ్లు వంటింట్లో గంప కింద మూస్తారు? సిమెంటు గచ్చు మీద అది గోళ్లు అరిగేట్టు గీరుతోంది. ఒకరోజు కాశింబీ పెరటి గుమ్మంలో నిలబడి సత్తెనపల్లిలో ఉన్న చెల్లెలు నాగూర్‌బీతో ఫోన్లో మాట్లాడింది.

"శుక్రవారం రావే. గంప తెచ్చుకో. మీకు ప్రహరీ గోడుంది, ముంగిసల బెడద లేదు. అమ్మ కోళ్లు నా చేతుల్లో చావడం కంటే నీ చేతుల్లో బతకనీ." అని ఫోన్ పెట్టేసి, అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది.

నా వెనక నిచ్చెనని పానాతో ఊడదీస్తున్న దస్తగిరి ఇదంతా విన్నాడు. నన్ను మళ్లీ ఇనప కొట్టుకి వేసేద్దామనుకున్నాడు, అది నాకు అర్థమైంది. పని చేసే మనిషికి అన్నిటికన్నా కష్టమైన పని ఏమిటో తెలుసా? తనకి తెలీదని చెప్పడం. ముప్ఫై నాలుగేళ్లు కిందవాళ్లకి చెప్పి చేయించినవాడికి మరీ కష్టం. ఆయన పానా కింద పెట్టి, గుమ్మం దగ్గరికి వెళ్లి, ఆమె ఎదురుగా మట్టిలో చతికిలబడ్డాడు.

"ఇరవై రెండు రోజులు కట్టానే. కోళ్లు సాకేదానివి నువ్వు, నిన్ను ఒక్క మాట అడగలేదు. తప్పు నాదే. ఇప్పుడు చెప్పు, ఏం చెయ్యాలి?"

కాశింబీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "శుక్రవారానికి మూడు రోజులే ఉంది," అంది.

"మూడు రోజులు చాల్లే. నువ్వు చెప్పు."

ఆమె లేచింది. ఇక చూడండి, అక్కణ్ణుంచి నాకు ఆమే మేస్త్రీ. వల చుట్టూ మూరెడు లోతు తవ్వమంది, తవ్వాడు. వలకి ఇంకో వల కలిపి కుట్టి, లోతు దాకా దించి, అక్కణ్ణుంచి బయటికి మడిచి పరవమంది. "ముంగిస గోడ మొదట్లోనే తవ్వుతుందయ్యా. రెండడుగులు వెనక్కెళ్లి తవ్వాలన్న తెలివి దానికి లేదు. ఇటు మడిస్తే ఎక్కడ గీరినా గోళ్లకి ఇనుమే తగలాలి." దాని మీద పగిలిన పెంకులూ రాళ్లూ పోసి, మట్టి కప్పి, రోకలితో గట్టిపరిచింది. గుడ్ల గడుల కిటికీలకి గోనెపట్టా కట్టించింది, ఈసారి ఆయనే మేకులు కొట్టాడు. ఫుట్‌బోర్డు తీయించి వాలుగా చెక్క వేయించింది. ఒక మూల బూడిద గుంట పెట్టింది, కోళ్లు పొర్లడానికి. ఇంకో మూల పేడా గడ్డీ కుక్కిన కుండ బోర్లించింది, రెండు రోజులకి అందులో చెదపురుగులు పడితే పిల్లలకి మేతని. ఎరుపు మీద తెల్లచారల డీలక్స్‌ని, నా పక్కన బోర్లించిన పేడ కుండ! మొదట నాకు నామోషీ అనిపించింది, అబద్ధమెందుకు. దస్తగిరి మాత్రం ఆ కుండని వంగి చూసి, "ఇది నాకు తట్టేది కాదే," అన్నాడు. ఆయనకి లేని నామోషీ నాకెందుకని నేనూ ఊరుకున్నాను.

శుక్రవారం పొద్దున నాగూర్‌బీ గంపతో దిగింది. అప్పటికే కాశింబీ నల్లమెడనీ మూడు పిల్లల్నీ తెచ్చి నా ముందు వలలో వదిలింది. "పోయేలోగా కాసేపు మట్టి గీరుకోనీ," అంది చెల్లెలితో. అయితే నా తలుపు కొండీని మూడుసార్లు లాగి చూడటం నేను గమనించాను. పంపడానికి మనసు రావడం లేదు, ఉంచుకోవడానికి ధైర్యం చాలడం లేదు. మేం చేసింది నిలబడుతుందో లేదో ముగ్గురిలో ఎవరికీ తెలీదు. ఆమెకీ, ఆయనకీ, నాకూ.

టీ తాగుతుండగా నల్లమెడ కేక పెట్టింది. పిల్లలు మూడూ వాలు చెక్క ఎక్కి నాలోకి పరుగెత్తాయి, వెనకే అది. ముంగిస పాత బొరియ ఉన్న చోటికే వచ్చింది. దస్తగిరి కర్రందుకున్నాడు. కాశింబీ ఆయన చెయ్యి పట్టి ఆపింది.

"ఆగు. తవ్వనీ. ఇవాళ తోలేస్తే రేపు మనం లేనప్పుడొస్తుంది. చూడనీ దాన్ని."

అది గీరింది. మట్టి లేచింది, పెంకు తగిలింది. పెంకు పక్కకి తోసి ఇంకా గీరింది. వల తగిలింది. ఆ గోళ్ల గీతకి నా ఒళ్లంతా జలదరించింది. మూతి పెట్టి కొరికింది, తీగ వంగలేదు. జానెడు పక్కకి జరిగి మళ్లీ తవ్వింది, అక్కడా వలే. ఇటు వచ్చింది, అటు తిరిగింది, ఆరుచోట్ల గీరింది. నాలోపల నల్లమెడ రెక్కలు విప్పి పిల్లల్ని కప్పుకుని, గుర్రుమంటూ కూర్చుంది. దాని గుండె కొట్టుకోవడం నా పలక మీద తెలుస్తోంది. చివరికి ముంగిస వెనక కాళ్ల మీద లేచి నన్ను ఒకసారి పైనుంచి కిందిదాకా చూసింది. తోక ఈడ్చుకుంటూ కంచె దాటి కొండవైపు పోయింది.

నా జీవితంలో అంతకన్నా గర్వపడ్డ క్షణం లేదు. చుక్క కారనప్పటి గర్వం వేరు, అది రేకుది. ఇది వేరు.

నాగూర్‌బీ గంప వైపు చూసింది, అక్క వైపు చూసింది. "ఇంక వీటిని నాకెక్కడిస్తావులే అక్కా," అంది.

"ఇస్తాను. ఇప్పుడు కాదు. ఆ ఆడపిల్ల గుడ్లు పెట్టి పొదగనీ, అమ్మ పంపినట్టే పిల్లలతో సహా పంపుతాను," అంది కాశింబీ. దస్తగిరి వైపు తిరిగి, "ఏమయ్యా, బావగారి హోదాలో నువ్వే దింపి రావాలి," అని నవ్వింది. నన్ను కట్టాక ఆమె నవ్వడం అదే మొదలు. మరుసటేడు ఆయన నిజంగానే గంప ఒళ్లో పెట్టుకుని సత్తెనపల్లి బస్సెక్కాడు.

ఇది జరిగి ఆరేళ్లయింది. నా ఎరుపు వెలిసింది. రెండు అద్దాలు పగిలాయి, వాటి చోట రేకుముక్కలు పడ్డాయి. అయినా లోపల ముప్ఫైకి పైగా నల్లమెడలున్నాయి. పొద్దున్నే నా తలుపు తీసినప్పుడు చెక్క మీంచి అవి బిలబిలా దిగుతుంటే చూడాలి మీరు. నల్లమెడ ముసలిదై నిరుడు పోయింది. దాన్ని కాశింబీ కూర వండనివ్వలేదు, నిమ్మచెట్టు మొదట్లో పాతిపెట్టింది.

దస్తగిరికిప్పుడు తీరిక లేదు. నా పేరు ఊళ్లు దాటింది. కంచికచర్ల నుంచీ, తిరువూరు నుంచీ జనం వచ్చి నన్ను ఫోటోలు తీసుకుంటారు, అచ్చం ఇలాంటిదే కావాలంటారు. నాకిప్పుడు పదిహేడుమంది తోబుట్టువులు. ఏ ఇద్దరికీ పోలిక లేదు. ఎందుకంటే ఆ మనిషి అచ్చం ఇలాంటిది ఎవరికీ కట్టడు.

మొన్నటికి మొన్న జి.కొండూరు నుంచి ఒకాయన వచ్చాడు. ఫోన్లో కొలతలు, బొమ్మలు, రంగులు అన్నీ చూపించాడు. ఇన్ని కిటికీలు, ఇంత ఎత్తు, ముందు ఫలానా పేరు రాయాలి. దస్తగిరి అన్నీ ఓపిగ్గా విన్నాడు, టేపు మాత్రం తీయలేదు.

"కోళ్లని ఎవరు చూసుకుంటారు బాబూ?" అని అడిగాడు.

"మా ఆవిడే. ఆమెకేం తెలుసులెండి, ఇవన్నీ నేను చెబుతాగా."

"ఆవిణ్ణి తీసుకురా, అప్పుడు మొదలెడదాం," అన్నాడు దస్తగిరి.

వాడు మొహం మాడ్చుకుని పోయాడు. మర్నాడు భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె వచ్చి నా ముందు బెరుగ్గా నిలబడింది. దస్తగిరి ఆమెకి పీట వేశాడు. తను ఎదురుగా మట్టిలో కూర్చుని, "చెప్పమ్మా, మీ వైపు కోళ్లకి దేనివల్ల భయం?" అన్నాడు. ఆమె ఒకసారి మొగుడి వైపు చూసింది. తర్వాత పీట కాస్త ముందుకి జరుపుకుని చెప్పడం మొదలుపెట్టింది.